అతుకు పని

17 ఫిబ్రవరి 2025, సోమవారం

రాత్రి తొమ్మిదింటికి లారీ వచ్చింది. పొద్దున పదకొండుకల్లా రావాల్సిన బండి. పెట్టెల మీద చిరునామాలో ఇంకా ప్రకాశం జిల్లా అనే ఉంది. పర్చూరు 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలో ఉందన్న సంగతి రాసినవాళ్లకు పట్టలేదు. డ్రైవరు ఒంగోలు దాకా పోయి, అక్కణ్ణుంచి ఫోను చేసి, వెనక్కి తిరిగాడు.

వంటింట్లో బిగించే సరుకు, ఇరవై మూడు పెట్టెలు. దించుతుంటేనే అనుమానం వచ్చింది. అట్టపెట్టె లోపల చెక్కకు చెక్క తగిలితే ఒక మూగ చప్పుడు వస్తుంది. బిగువుగా ఉన్న సరుకు అట్లా మోగదు.

అన్నీ విప్పి చూడకుండా ఒక్క మర కూడా బిగించను. నాలుగు పెట్టెలు గోడకెక్కాక అయిదోది పగిలిందని తెలిస్తే ఆ నాలుగూ దించాల్సి వస్తుంది, దించేటప్పుడు ఇంకోటి దెబ్బ తింటుంది. అందుకని బల్బు వేలాడదీసుకుని పన్నెండున్నర దాకా విప్పాం. పొడుగు బీరువా కింది ఎడమ మూల నలిగింది, ప్లైవుడ్ పొరలు తడిసిన పుస్తకంలా విచ్చుకున్నాయి. సొరుగుల పెట్టెలో మధ్య సొరుగు ముఖం మీద అంచున వేలిగోరంత మైకా ఎగిరిపోయింది. గోడ పెట్టె ఒకదానికి పక్కన జానెడు గీత. స్టౌ కింద పెట్టెకు వెనక పలక చీలింది. మిగతావి బాగున్నాయి.

ఈ నేల నిండా పత్తి పండుతుంది. పెట్టె నాలుగు మూలలా నాలుగు పిడికెళ్ల పత్తి వ్యర్థం కుక్కి పంపితే ఈ మూల నలిగేది కాదు. ఈ మాట కార్ఖానాకు ఇంతకు ముందు రెండు చోట్ల నుంచి చెప్పాను. రేపు మళ్లీ చెప్తాను.

18 ఫిబ్రవరి, మంగళవారం

కొత్త బీరువా కావాలంటే మూడు వారాలు పడుతుందన్నారు కార్ఖానావాళ్లు. గృహప్రవేశం మార్చి 6. "మైనం పూసి కానిచ్చెయ్, పైకి కనపడకపోతే చాలు, ఫొటో పెట్టు" అన్నాడు అవతలి మనిషి. నేను ఫొటో పెట్టాను, మైనం పూయకముందుదే పెట్టాను.

ఇంటి పెద్దావిడను పిలిచి నాలుగు దెబ్బలూ చూపించాను. ఆవిడ కళ్లం నుంచి నేరుగా వచ్చింది, చేతులు ఎర్రగా ఉన్నాయి. నలిగిన మూల మీద వేలు పెట్టి పొరలు లెక్కపెట్టినట్టు తడిమింది.

"ఇది మళ్లీ ఊడుద్దా నాయనా?"

"మైనం పూస్తే ఊడుద్దమ్మా. కోసి, గమ్ము పెట్టి, ముక్క వేస్తే ఊడదు. కానీ అతుకు గీత కనపడుద్ది."

"ఎక్కడ?"

"కింద, నేలకు దగ్గర. వంగి చూస్తే కనపడుద్ది."

"వంగి చూసేది నేనే గదా" అంది. కాసేపాగి, "కనపడితే కనపడనీ. ఊడకుండా చెయ్యి."

ఆవిడ కొడుకు వెంటనే ఒప్పుకోలేదు. డబ్బు పెట్టి కొన్నది కొత్తగానే ఉండాలి గదా మేస్త్రీ అన్నాడు. అది న్యాయమే. కానీ ముందటేడు ఇరవై వేలు దాటిన క్వింటా మిర్చి ఈసారి పది, పదకొండు వేలకు దిగింది. కౌలు, కూలీ, మందులు పోను ఆయన చేతిలో ఏం మిగులుతుందో నేను అడగలేదు. ముహూర్తం మార్చలేమన్నది మాత్రం ఆయనే చెప్పాడు. చివరికి బీరువా ధరలో కొంత తగ్గించి బిల్లు వేయాలని కార్ఖానాతో మాట్లాడించాను. ఒప్పుకున్నారు. ఆ అంకె కాగితం మీద రాయించి, ఇద్దరి చేతా సంతకం పెట్టించాను.

ఇంటివాళ్లకు చూపించకుండా చేసే మరమ్మతు నా లెక్కలో అప్పు కింద జమ. ఇరవై రెండేళ్ల కింద నేను అట్లా ఒకటి చేశాను, చిలకలూరిపేటలో. మూడో ఏడు ఆ ఇంటివాళ్లు ఫోను చేశారు. ఆ రోజు నాకు ఫోను ఎత్తడానికి చెయ్యి రాలేదు.

19 ఫిబ్రవరి, బుధవారం

పొద్దంతా గోడలతో సరిపోయింది. రసమట్టం పెట్టి చూస్తే స్టౌ వైపు గోడ ఏడు అడుగుల ఎత్తులో 12 మిల్లీమీటర్లు లోపలికి వాలింది. నేల కూడా సింకు మూల 9 మి.మీ. దిగింది. మేస్త్రీల తప్పు అనలేను. ఇది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, వేసవిలో చేలో నెర్రెల్లో చెయ్యి మణికట్టు దాకా పోతుంది. ఇల్లు కట్టి రెండు వానాకాలాలు గడిచాయి. ఇంకా ఒకటి రెండు గడిస్తేగాని ఇల్లు నేలతో సర్దుకోదు.

పెట్టెలు చాలావరకు దెబ్బ తినేది ఇట్లాంటి గోడల దగ్గరే. వాలిన గోడకు చదరపు పెట్టెను బలంగా బిగిస్తే పెట్టె మెలి తిరుగుతుంది, తలుపులు ఒకదాని మీదకు ఒకటి వస్తాయి, మరలు చెక్కను చీలుస్తాయి. లారీలో అయిన గాయం కంటికి కనపడుతుంది. ఇది ఏడాదికి గాని బయటపడదు. గోడకూ పెట్టెకూ మధ్య సందు వదిలి, గోడ వంపును పెన్సిలుతో పట్టీ మీదకు గీసుకుని, చిత్రికతో ఆ గీత దాకా తీసి, పట్టీని సందులో కూర్చాను. మా కుర్రాడు నేర్చుకోవాలని గీత గీయడం వాడికే ఇచ్చాను. రెండు పట్టీలు పాడయ్యాయి. మూడోది అతికినట్టు కూర్చుంది.

20 ఫిబ్రవరి, గురువారం

ఇవాళ మూల పని. ఒక్క మూలకు పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు.

ముందు నలిగిన పొరల మధ్య దుమ్ము, తెగిన పీచు పలుచటి బ్లేడుతో గీరి తీశాను. దుమ్ము ఉంటే గమ్ము చెక్కను పట్టదు, దుమ్మునే పట్టుకుంటుంది. నీళ్లకు ఆగే మెరైన్ గమ్మును వైద్యులు వాడే సిరంజితో ఒక్కో పొర మధ్యకూ ఎక్కించాను. రెండు వైపులా ప్లాస్టిక్ కాగితం చుట్టిన చదును చెక్కలు పెట్టి మూడు సి-క్లాంపులు బిగించాను. ప్లాస్టిక్ మరిచిపోతే అడ్డం పెట్టిన చెక్క కూడా బీరువాకే అతుక్కుపోతుంది. క్లాంపు మరీ బిగించినా చేటే, గమ్మంతా బయటకు కక్కి లోపల ఎండిపోయిన అతుకు మిగులుతుంది. అంచు పొడుగునా చిన్న చిన్న పూసలుగా గమ్ము పైకి రావాలి, అంతే.

మూల కొస అంగుళం మేర పొడి అయిపోయింది, అది అతకదు. దాన్ని అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోసి, అదే వాలులో టేకు ముక్క చేశాను. వాలు ఎంత పొడుగైతే గమ్ముకు అంత చోటు దొరుకుతుంది.

ఈ వాలు నాకు మా నాన్న చేతి నుంచి వచ్చింది. ఆయన బండ్లు చేసేవాడు. తుమ్మ చక్రం, ఆకులు, ఇరుసు, చుట్టూ ఇనప పట్టా. సీజనులో ఆయన్ను ఇంటి దగ్గర చూసింది తక్కువ. పత్తి బోరేలు ఎక్కించిన బండి డొంకలో ఒరిగిపోతే కబురొచ్చేది. బండిని కొట్టం దాకా లాక్కురాలేరు, పత్తిని మంచులో వదిలెయ్యలేరు. బాడితె, ఉలి, బరమా సంచిలో వేసుకుని నడిచిపోయేవాడు. నేను వెనక దీపం పట్టుకుని. విరిగిన ఆకును అక్కడే పొడుగువాలుగా చెక్కి, కొత్త ముక్క కూర్చి, కొయ్య సీలలు కొట్టి, పైన తాడు చుట్టేవాడు. రైతు పక్కనే నిలబడి ప్రతి దెబ్బా చూసేవాడు. దాచడానికి అక్కడ చోటే లేదు.

ముక్క పెట్టాక ఇంకో పని మిగిలింది. బీరువా బరువంతా ఆ మూల కింది కాలు మీదే పడుతుంది. అతుకు ఎంత బాగున్నా దాని మీద బరువు వేయడం నాకిష్టం లేదు. కాలును నాలుగు అంగుళాలు లోపలికి జరిపి, పక్కన ఇంకో కాలు కలిపాను. వెల అరవై రూపాయలు.

పెద్దావిడ రెండుసార్లు వచ్చి చూసింది. రెండోసారి మజ్జిగ తెచ్చింది.

21 ఫిబ్రవరి, శుక్రవారం

సొరుగు ముఖానికి కొత్త మైకా. గోరంత దెబ్బే గదా, రంగు కలిపిన ఎపాక్సీతో పూడ్చవచ్చు. కానీ ఇది తడి చేయి రోజుకు ఇరవైసార్లు పట్టుకునే అంచు. అక్కడ పూత నిలవదు. గోడ పెట్టె మీది గీతకు మాత్రం మైనం కడ్డీ చాలు, అటు వైపు ఎవరి చెయ్యీ తగలదు. ఏ చోటికి ఏది చాలునో తేల్చుకోవడానికే సగం తెలివి ఖర్చవుతుంది.

పాత మైకాను ఇస్త్రీపెట్టె వేడితో లేపాను. ఎస్‌ఆర్ గమ్ము రెండు ముఖాలకూ రాసి, వేలికి అంటకుండా ఆరేదాకా పది పదిహేను నిమిషాలు ఆగాలి. ఆ పదిహేను నిమిషాల్లోనే చిక్కొచ్చింది. వసారాలో ఆరుగురు ఆడవాళ్లు తాలు కాయలు ఏరుతున్నారు. మిరప ఘాటు గాలిలో తేలి వచ్చి తడి గమ్ము మీద ఎర్రటి నుసి వాలింది. అట్లాగే అతికిస్తే ఇసుక మీద అతికించినట్టే. గీరేసి, మళ్లీ రాసి, ఈసారి తలుపులు మూసి, కిటికీకి తడి దుప్పటి కట్టాం. ఇద్దరం తుమ్ముతూనే రోలర్ తోశాం. తలుపులు ఎందుకు మూశామో తెలిసి ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లే కాయల కుప్పను అవతలి వైపుకు జరుపుకున్నారు. వాళ్ల కూలీ పని మానుకుని మాకోసం జరిపారు. ఆ మాట మరిచిపోకూడదని రాస్తున్నాను.

22 ఫిబ్రవరి, శనివారం

మా కుర్రాడు గోడ పెట్టె తలుపుకు హింజి బిగిస్తూ డ్రిల్లు వేగం తగ్గించలేదు. మరలు పట్టు వదిలి గిర్రున తిరిగాయి. తలుపు ఎండీఎఫ్, 18 మి.మీ. హింజి గిన్నె కోసం 35 మి.మీ. వెడల్పున 12 మి.మీ. లోతు తవ్వగా కింద మిగిలేది 6 మి.మీ. చెక్కే. మరలు గిన్నె పక్కన ఎక్కుతాయి గానీ, అక్కడా ఎండీఎఫ్ అంటే అదిమిన పిండి పీచే, రెండోసారి మరను పట్టుకోదు.

వాడు చేయి వణుకుతూ నా మొహం చూశాడు. అరవలేదు. రంధ్రాలను 8 మి.మీ.కి పెద్దవి చేయించి, టేకు సీలలు గమ్ములో ముంచి కొట్టించాను, ఆరాక సన్నటి రంధ్రం తీసి చేతి స్క్రూడ్రైవరుతో బిగించమన్నాను. బండి చక్రంలో ఉన్న సీలే ఇది. కొత్త రంధ్రాల కన్నా ఆ రెండే గట్టిగా ఉన్నాయి. తర్వాత వాడే పోయి ఇంటావిడకు చెప్పాడు: "అమ్మా, ఈ తలుపు నేను పాడుచేశాను, బాగుచేశాను." నేను చెప్పమనలేదు.

23 ఫిబ్రవరి, ఆదివారం

పని లేదు. కట్టర్లకు పదును పెట్టాను.

మైకా అన్న మాట గురించి ఆలోచన పోయింది. మనం సన్‌మైకా, మైకా అని పిలిచే రేకులో మైకా లేదు, కాగితం పొరలూ రెజినూ ఉన్నాయి. 1912లో అమెరికాలో ఇద్దరు ఇంజనీర్లు కరెంటు పరికరాల్లో అభ్రకానికి బదులుగా అట్లాంటి పలక చేశారు. అభ్రకానికి బదులు అన్న అర్థంతోనే దానికి ఫార్మైకా అని పేరొచ్చింది. ఆ అసలు అభ్రకం మన పొరుగున, అప్పటి నెల్లూరు జిల్లా గూడూరు గనుల్లో తవ్వేవాళ్లు. మన ఒంగోలు నుంచి నాలుగు గంటల ప్రయాణం లేదు. అభ్రకం కూడా పొరలే, గోరు పెడితే లేస్తుంది. నిన్నగాక మొన్న నేను ఇస్త్రీపెట్టెతో లేపింది దాని పేరు మోస్తున్న కాగితాన్ని.

అన్నీ ఒకే కొలతకు చేసి వరసగా బిగించే వంటిల్లు కూడా దూరం నుంచి వచ్చిందే. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెట్ షూట్టె-లిహోట్స్కీ అనే ఆవిడ కార్మికుల ఇళ్ల కోసం గీసింది. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కగట్టి గీసిందట. వరస వంటింటికి ఒక బలహీనత ఉంది: ఒక్క పెట్టె 3 మి.మీ. తేడా వస్తే మిగతా వరసంతా కదులుతుంది. విడిగా నిలబడే మన పాత గూళ్లకు, చెక్క అలమరలకు ఆ బాధ లేదు.

24 ఫిబ్రవరి, సోమవారం

చీమకుర్తి రాయి వచ్చింది. నల్లటి పలకలో బంగారు నలుసులు. బ్లాక్ గెలాక్సీ అనే ఈ రాయి ప్రపంచం మొత్తం మీద ఈ ఒక్క ఊళ్లోనే దొరుకుతుందంటారు. 20 మి.మీ. పలక చదరపు అడుగుకు అయిదున్నర కిలోల దాకా తూగుతుంది. గట్టు మొత్తం లెక్క వేస్తే రెండు క్వింటాళ్లకు పైనే. అది ఎక్కాక కింది పెట్టెలను కదపడం ఉండదు, మరమ్మతూ కష్టమే. అందుకే చీలిన వెనక పలకను ముందే తీసి కొత్తది వేశాను. కాళ్లన్నిటినీ మళ్లీ ఒకసారి రసమట్టానికి తెచ్చాను.

అయినా ఒకటి తప్పించలేకపోయాను. రాయి మోసేవాళ్లు నలుగురు పలకను నిలువుగా తెచ్చి, ఊపిరి తీసుకోవడానికి కొసను సొరుగుల పెట్టె పై అంచు మీద ఆనించారు. పట్టీ చిట్లింది. వాళ్లను అనడానికి నాకు నోరు రాలేదు. అంత బరువు మోసేవాడికి ఎక్కడో ఒకచోట ఆనాలి. ఆనించుకునే చోటు ముందే చూపించాల్సింది నేను. తర్వాత నుంచి గోనెసంచి మడిచి వేసిన బల్ల పక్కన పెట్టిస్తాను. పలకను గోడకు నిలబెట్టించి, చిట్లిన పట్టీ తీసి, కొత్త పట్టీ నాలుగు మరలతో బిగించేదాకా వాళ్లు గంట ఆగారు. గంట కూలీ నేనే ఇచ్చాను.

25 ఫిబ్రవరి, మంగళవారం

పొద్దున తలుపు తీస్తే వంటింట్లో నీళ్లు. సింకు కింద పైపు రాత్రంతా కారింది. సింకు పెట్టె అడుగు పలక పార్టికిల్ బోర్డు. ఆర్డరులో ప్లైవుడ్ అని ఉంది. ఎక్కడ మారిందో తెలియదు, వెంటనే కార్ఖానాకు రాసి పంపాను. కుడి అంచున 18 మి.మీ. పలక 24 అయింది.

కుర్రాడు ఎండలో పెడదామన్నాడు. ఎండలో నీళ్లు పోతాయి, ఉబ్బు పోదు. అది అదిమి అతికించిన చెక్క పొట్టు. నీళ్లు తగిలి ఒక్కసారి పొట్టు విచ్చుకున్నాక లోపలి అతుకు తెగిపోతుంది. అది మళ్లీ అణగదు, మరను పట్టదు. ఇక్కడ అతుకు పనికిరాదు. మొత్తం అడుగు పలక తీసి, 710 నంబరు ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ ప్లై చిలకలూరిపేట నుంచి తెప్పించి వేశాను. కోసిన నాలుగు అంచులకూ, పైపు రంధ్రం లోపలి చుట్టుకూ మెరైన్ గమ్ము రెండు పూతలు. నీళ్లు ముఖం మీద నుంచి ఎక్కవు, కోసిన చోటు నుంచి ఎక్కుతాయి.

సాయంత్రం ఇంట్లో టీవీ చుట్టూ అందరూ. కేంద్రం మిర్చికి క్వింటాకు 11,781 రూపాయలు ధర కట్టిందని, 2.58 లక్షల టన్నుల వరకు అని. పెద్దావిడ కొడుకు ఏమీ అనలేదు. కాగితం తీసుకుని ఏదో లెక్క వేసుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి వచ్చి, సింకు కింద పలకకు ఎంతయింది మేస్త్రీ అని అడిగాడు. అది మీ లెక్కలోకి రాదు అన్నాను.

26 ఫిబ్రవరి, బుధవారం. శివరాత్రి

కుర్రాడు నిన్న సాయంత్రమే వాళ్ల ఊరి ప్రభతో కోటప్పకొండ పోయాడు. నేను ఉపవాసం, ఇంట్లోనే. ఆ ఎత్తు ప్రభ, అన్ని వెదుళ్లు, అన్ని కట్లు, పొలాల మీదుగా ఊగుతూ కొండ దాకా పోయి నిలబడుతుంది. దారిలో కట్టు సడలితే అక్కడే ఆపి బిగిస్తారు. వాడికి ఆ పని ఇష్టం. అందుకే వాడికి ఈ పనీ వస్తుంది.

28 ఫిబ్రవరి, శుక్రవారం

తలుపులన్నీ సరిచేశాం. పెద్దావిడ ఎత్తుకు గట్టు రెండంగుళాలు ఎక్కువైంది. ముందే కొలిచి ఉండాల్సింది. రాయి వేశాక ఏమీ చేయలేను. ఆవిడ నిలబడే చోట పలుచటి చెక్క పీట చేసి ఇచ్చాను, టేకు మిగిలింది కాబట్టి. కాళ్లకు కింద రబ్బరు వేశాను, జారకుండా.

ఆవకాయ జాడీలు ఎక్కడ పెడతావని అడిగితే పై అర చూపించింది. నిండు జాడీలు నాలుగు. మూడడుగుల అర మధ్యలో వంగుతుంది. మధ్యన ఒక నిలువు పలక వేసి, జాడీలు కింది అరకు మార్చమన్నాను. కిందికి మార్చింది గానీ, పండుమిరప పచ్చడి జాడీ ఒకటి మాత్రం పైనే ఉండాలంది. మనవళ్లకు అందకుండా.

6 మార్చి, గురువారం

పాలు తూర్పుకు పొంగాయి. పెద్దావిడ బంధువులందరినీ వంటింట్లోకి తీసుకొచ్చి, అందరి ముందూ వంగి, బీరువా కింది మూల చూపించింది. "ఇదిగో, ఇక్కడ విరిగింది. మేస్త్రీ నా ఎదురుగానే ముక్క వేశాడు." ఒకాయన బూటు కొసతో తన్నబోయి, ఆవిడ చూపు చూసి, చేత్తో తడిమాడు.

నాకు పంచె పెట్టారు. కుర్రాడికి చొక్కా గుడ్డ.

వచ్చే ముందు కొలతలు తీసుకున్నాను. వానలు పడి రేగడి ఉబ్బాక, ఆగస్టులో వచ్చి మళ్లీ చూడాలి. ఇవాళ్టి కొలతలు:

పొడుగు బీరువా తలుపుల మధ్య సందు, పైన 3, కింద 3.
గోడ పెట్టె, సీలలు కొట్టిన తలుపు, పైన 2.5, కింద 3.
సింకు పెట్టె అడుగు పలక మందం, కుడి అంచు 18, ఎడమ అంచు 18.
స్టౌ వైపు పట్టీకి గోడకు మధ్య, కాగితం దూరనంత.